మంచి చీరలు పనికిరాలేదు

ఈ రోజు కట్టంగూర్ దగ్గర ఒక ఊళ్లో పత్తి ఏరే కూలీల కుటుంబాలకు ఒక సేవా సంస్థ సరుకుల సంచులు పంచింది. నేనూ వాలంటీరుగా వెళ్లాను. మీటింగ్ అని పిలిచాం కదా, ఆడవాళ్లంతా కూలి మానుకొని, తలస్నానాలు చేసి, పెట్టెలోంచి తీసిన మంచి చీరలు కట్టుకొని వచ్చారు.

వాళ్లను చూడగానే మా కోఆర్డినేటర్ మొహం మాడిపోయింది.

"గీ చీరలల్ల ఫొటో దిగితే దాతలకు మీరు పేదోళ్లనిపిస్తదా అమ్మా? పత్తి ఏరేటప్పుడు చీర మీద ఏస్కునే అంగీలు ఏస్కొని రాండ్రి. అప్పుడే సంచులు."

ముందు వరసలోంచి సైదమ్మ లేచింది. "నిన్న చేన్లకే వస్తే అయిపోతుండె గద సారూ! అంగీలు ఒంటి మీదనే ఉండె. మీరు పిలిచిండ్రనే గద మంచిగ తయారై వచ్చినం."

ఆయన వాచీ చూసుకున్నాడు. అందరూ ఇళ్లకు వెళ్లి, మొగుళ్ల మాసిన చొక్కాలు చీరల మీద తొడుక్కొని తిరిగొచ్చారు. సైదమ్మ కూడా. నవ్వమంటే నవ్వారు.

సాయంత్రం ఆ ఫొటో సంస్థ పేజీలో పెట్టారు. అందులో చివర్న ఇస్త్రీ చొక్కాలో, బ్యానరు పట్టుకొని పళ్లికిలిస్తున్నది నేనే. లైకులు వద్దు, తిట్టాలనుంటే తిట్టండి.