సుద్దగీతకు అటూ ఇటూ

ఆ కాలంలో నాకు పుస్తకాల మీద ఉన్నంత గురి మనుషుల మీద ఉండేది కాదు. కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీలో చిన్న ఉద్యోగం. ఏ చిక్కు వచ్చినా దానికి తగిన పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో ఉందో వెతికేవాణ్ణి. అది దొరికితే చిక్కు సగం తీరినట్టే అనుకునేవాణ్ణి. (మిగతా సగం నా భార్య తీర్చేది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) ఇప్పుడు చెప్పబోయేది నిజానికి ఆమె చెప్పవలసింది. బంధువులు ఇంటికొచ్చినప్పుడు చెప్పేది కూడా, నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని. ఆమె పోయి రెండేళ్లయింది కాబట్టి నేను చెబుతున్నాను. ఆమె చెప్పినట్టు రాదు.

మా రెండోవాడు నెల ముందే పుట్టాడు. రెండు కిలోలు కూడా లేడు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. పంపించేటప్పుడు పిల్లల డాక్టరమ్మ నా ముఖంలోకి చూసి, "ఇంట్లో ఎవరికి జలుబున్నా బిడ్డ దగ్గరికి రానీయొద్దు. మీకు అది జలుబే. వీడికి ఊపిరితిత్తుల్లోకి దిగితే కష్టం. పాలు తాగడం తగ్గినా, డొక్కలెగరేసినా వెంటనే తీసుకురండి" అంది. తల్లీబిడ్డలను కోయిలకుంట్లలో మా అత్త ఇంటికి చేర్చాను. (అత్త అంటే మా మేనమామ భార్యే. అందుకే నా భార్య నన్ను బావా అనేది.) పెద్దపాపను తీసుకుని నేను కర్నూలుకు తిరిగొచ్చాను. పాపకు అప్పుడు నాలుగున్నరేళ్లు. తమ్ముణ్ణి అద్దంలోంచి ఒక్కసారి చూసింది. అమ్మ లేకుండా అన్ని రోజులు ఉండడం దానికి అదే మొదలు. వారం తిరిగాక సెలవు పెట్టి, దాన్ని తీసుకుని మళ్లీ బస్సెక్కాను. బనగానపల్లె దాటాక అది తుమ్మింది. కోయిలకుంట్ల చేరేలోపు ఏడుసార్లు తుమ్మింది; నేను లెక్కపెట్టాను. వెనక్కి పోవాలో ముందుకు పోవాలో తేల్చుకోలేక, కండక్టరు దిగమంటే దిగాను.

ఇల్లు చేరగానే సుద్దముక్కతో బాలింత గది వాకిలికి ఆరడుగుల దూరంలో గీత గీశాను. శిశు సంరక్షణ మీద లైబ్రరీ నుంచి తెచ్చిన లావు పుస్తకం చూసి నియమాలు కాగితం మీద రాసి తలుపుకు అంటించాను. పాప గీత దాటకూడదు. ముక్కూ నోరూ కప్పేలా దస్తీ కట్టుకోవాలి. లోపలికి పోయే పెద్దవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని పోవాలి. అయితే ఆ ఇంట్లో అప్పటికే ఇంకొక చట్టం నడుస్తోంది. పురుడు మైల. వాడు పుట్టి పదహారు రోజులైనా, ఆస్పత్రి రోజులు లెక్కలోకి రావని, ఇల్లు చేరిన నాటి నుంచే పదకొండు రోజులని అత్త తేల్చింది. బాలింతను తాకినవాళ్లు బట్టలు తడిపి, స్నానం చేసి గాని వంటింట్లోకి రాకూడదు. అంటే నా నియమాలు బయటివాళ్ల నుంచి లోపలివాళ్లను కాపాడతాయి. ఆమె నియమాలు లోపలివాళ్ల నుంచి బయటివాళ్లను కాపాడతాయి. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గాని, అప్పుడు రెండో పూటకే ఎవరు ఎప్పుడు ఏం కడుక్కోవాలో నాకే తెలియకుండా పోయింది.

"ఏమప్పా, లోపలికి పోయేటప్పుడు చేతులు కడుక్కొనేది యాడన్నా ఉండాదా? బయటికి వచ్చినాక కదా కడుక్కొనేది" అంది అత్త.

"అది మైలకత్తా. ఇది జలుబుకు."

"రెండూ కంటికి కనపడేటివి కావు. నీది నిజమూ, నాది అబద్ధమూనా?"

నేను పుస్తకం తెరిచాను. అందులో ఆ సంగతి లేదు. (విషయసూచికలో మైల అన్న మాట కోసం నిజంగానే వెతికాను.) లోపలి నుంచి నా భార్య, "బావా, నువ్వే ముక్కు ఎగబీలుస్తాండావు. గీతకు అవతల నిలబడు" అంది. అది సాంబ్రాణి పొగ వల్ల అన్నాను. "శానా మంచిది. పొగ తగ్గినాక రా" అంది.

పాప మాత్రం పేచీ పెట్టలేదు. అదే నాకు ఎక్కువ దిగులు కలిగించింది. గీత మీద కాలివేళ్లు ఆనించి, దస్తీ వెనక నుంచి ముక్కు చీదుతూ, తలుపు వైపు చూస్తూ నిలబడేది. రెండో రోజు వాళ్ల అవ్వను అడిగింది: "అవ్వా, నేను లోపలికి ఎప్పుడు పోవల్ల?" అత్త చింతపండు గింజలు తీస్తూ, "నీకేం మే, చిన్నపిల్లవి. గౌను ఇప్పేసి పోతే సరి. ఏదైనా గుడ్డలకే పట్టేది, పసిపిల్లోల్ల ఒంటికి పట్టదు. మీ అమ్మ చిన్నప్పుడు అట్లే పోతాండె" అంది. అది నిజంగానే ఆ ఇళ్లలో ఉన్న పద్ధతి. బట్టల్లేని పసిపిల్లలకు మైల లేదు. నేను కంగారుపడి, దానికి జలుబు, బట్టలు విప్పకూడదు, చలి తగులుతుంది, స్వెట్టరు కూడా వేయాలి అన్నాను. ఆ ఎండల్లో దానికి స్వెట్టరు వేశాను. అత్త నన్నూ, స్వెట్టరునూ చూసి మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక గీత దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఒళ్లో ఆ పుస్తకమే. కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి గీతకు ఇవతల స్వెట్టరు, దాని మీద గౌను, చడ్డీ, అన్నిటికంటే పైన దస్తీ, అన్నీ మడతపెట్టి ఉన్నాయి. అంత శ్రద్ధగా బట్టలు మడవడం దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. చేతులు కడుక్కోవాలో వద్దో గుర్తులేక, కడుక్కోకుండానే లోపలికి పరుగెత్తాను.

పాప ఒంటి మీద నూలుపోగు లేకుండా వాళ్లమ్మను కరుచుకుని పడుకుని ఉంది. నన్ను చూసి భయపడలేదు. "నాన్నా, అరవొద్దు, తమ్ముడు లేస్తాడు. జలుబు ఆడ ఇప్పి పెట్టే వచ్చినా" అంది.

నా భార్య మేలుకునే ఉంది. అది వాకిట్లో బట్టలు విప్పుతున్నప్పటి నుంచి చూస్తోందట.

"మరి ఆపలేదేం?"

"ఎందుకు ఆపల్ల? దాన్ని ఈ పక్క పండబెట్టుకున్నా. వాడు ఆ పక్క ఉండాడు. దీని ముఖం అటు తిప్పినా. ఇంకేం గావల్ల నీకు?"

"వాడికేమన్నా అయితే?"

 ఆమె పాప వీపు నిమిరింది. "బావా, ఇది నా దగ్గర పండుకొని ఎన్నాళ్లాయ? నీ కాగితంలో దీని సంగతి యాడా రాయలేదే" అంది.

నిజమే. కాగితంలో పాప పేరు నాలుగు చోట్ల ఉంది. నాలుగు చోట్లా అది జలుబే. అది తమ్ముణ్ణి చూడాలని గీత దగ్గర నిలబడుతోందని నేను అనుకున్నాను. వచ్చినప్పటి నుంచి అది తమ్ముడి వైపు తలైనా తిప్పలేదని ఆమె ఆ తరవాత చెప్పింది.

అయినా నా భయం పోలేదు. వాడి డొక్కలు చూస్తూ ఆ రాత్రంతా గడిపాను. ఊపిరి వేగంగా ఉందనిపించేది, తరవాత నాదే వేగంగా ఉందనిపించేది. నాలుగో రోజు పొద్దున వాడు రెండుసార్లు తుమ్మాడు. ఎవరి మాటా వినకుండా కారు మాట్లాడి అందర్నీ కర్నూలుకు తీసుకుపోయాను. (మైల ఇంకా తీరలేదని అత్త గుర్తుచేసింది. గుర్తుచేసి, ఆమె కూడా కారెక్కింది.) డాక్టరమ్మ వాడి గుండె, డొక్కలు, ముక్కు అన్నీ చూసింది. "పాలు బాగా తాగుతున్నాడా?" అని అడిగింది. తాగుతున్నాడంది నా భార్య. "పసిపిల్లలు ముక్కు శుభ్రం చేసుకోవడానికి తుమ్ముతారు. వీడికేమీ లేదు, బరువు కూడా పెరిగాడు" అని తలెత్తి నా వైపు చూసింది. నా కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది, చేతిలో దస్తీ ముద్దయి ఉంది. "మీకు ఇంత జలుబు పెట్టుకుని బిడ్డ పక్కన ఎందుకు నిలబడ్డారు? బయట కూర్చోండి. ఆ పాపను కూడా తీసుకుపోండి."

బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. పాప ముక్కు నా చొక్కాకు తుడుచుకుని, "నాన్నా, నువ్వు కూడా ఇప్పేస్తే లోపలికి రానిస్తారు" అని మెల్లగా చెప్పింది. అప్పుడే ఎవరో తలుపు తీసుకుని వచ్చారు. ఆ సందులోంచి నా భార్య మా ఇద్దర్నీ చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాప మాట ఆమెకు వినబడి ఉండదు. మరి దేనికి నవ్విందో తెలియక నేను నా చొక్కా చూసుకున్నాను, గుండీలు సరిచూసుకున్నాను, పుస్తకం చంకలోనే ఉందని గమనించి దాన్ని వెనక్కి దాచుకున్నాను. ఆ గుండీల మనిషి గుర్తొచ్చినప్పుడు ఈ మధ్య నాకూ నవ్వొస్తోంది.