పి.పి. నంబరు

మొన్న మండల కార్యాలయంలో కూర్చుని ఉంటే పాత ఫ్యాక్స్ యంత్రం ఒక్కసారిగా కీచుమన్నది. ఆ కూత ఒకప్పుడు మా ఇంట్లో ఉన్న మోడెమ్ కూతలాగే ఉంది. ఇంటికొచ్చి ఆనాటి డైరీ తీశాను. ‘1999 ఆగస్టు, శుక్రవారం. కామారెడ్డి, మా ఇల్లు. ఉన్నవారు: నేను, మా ఆవిడ సుశీల, ఖలీల్ సాబ్. తర్వాత షమీమ్.’

ఖలీల్ సాబ్ ఎల్లారెడ్డి నుంచి వచ్చి మా వాడలో స్థిరపడిన రిటైర్డ్ టెలిఫోన్ లైన్‌మన్. స్తంభం మీద తీగ చూసి అది ఏ ఇంటిదో చెప్పేవారు. నేను బడి గుమస్తాను, ప్రతిదానికీ గడులు గీసేవాణ్ణి. ఫోన్ తీగ మీదే నడిచే మా డయలప్ నెట్‌లో ఒక బొమ్మ తెరుచుకునేలోపు చాయ్ చల్లారేది. అందుకని మిగతా దారులన్నీ పోల్చి కాగితం ఆయన ముందు పెట్టాను. ఒకే తీగ మీద ఫోనూ నెట్టూ కలిసి నడిచే ఐఎస్‌డీఎన్, కేబుల్ టీవీ వాళ్ల లైను, మిద్దె మీద డిష్. వేగమెంత, ఎప్పుడు దొరుకుతుంది, వానకు ఆగుతుందా, అన్నీ రాశాను.

“కేబులాయన దసరాకు ఇస్తనన్నడా? ఏ దసరాకో అడిగినవా సార్?” అని నవ్వారు. “డిష్ పెడితే కోతులకు కుర్చీ అయితది.”

“మరి ఐఎస్‌డీఎన్?”

“మంచిదే, దాంట్ల ఫోన్ ఆగది. గని నీ కాగితంల ఒక గడి మరిచినవ్. ఇప్పుడు నువ్వు నెట్‌ల ఉన్నంతసేపు ఎవరి ఫోన్ ఆగుతది?”

అంటూనే అలవాటు కొద్దీ రిసీవర్ ఎత్తారు. చెవిలో కూత. “గిది ఎప్పటిసంది నడుస్తున్నది?”

“పదకొండింటి సంది. ఐఎస్‌డీఎన్ కాగితాలే నెట్‌ల నుంచి దించుతున్న సాబ్.”

“అరె, ఇయ్యాల జుమ్మా గదా! నమాజు ఎప్పుడో అయిపాయె.”

అప్పుడు తట్టింది నాకు. వాడలో ఫోన్ లేని అయిదిండ్ల వాళ్లు మా నంబరే ఇచ్చుకుని పక్కన ‘పి.పి.’ అని రాసుకునేవారు. ఫోన్ వస్తే మేము పిలవాలి. వెనుకింటి షమీమ్ భర్త దుబాయిలో ఉండేవాడు. ఇంకో రెండేళ్ల కరారు మీద శనివారం పొద్దున సంతకం పెట్టాలా, తిరిగి రావాలా అని శుక్రవారం నమాజు అయ్యాక ఆమెనే అడుగుతానన్నాడు. బూత్ నుంచి చేసేవాడు కనుక మేము తిరిగి చేసే వీలు లేదు.

ఖలీల్ సాబ్ మోడెమ్ తీగ పీకేశారు. ఇంతలో షమీమ్ వచ్చింది. “అన్నా, ఫోన్ రాలేదా? వచ్చేయమని చెప్దామనుకున్న.”

“లైన్ నేనే ఆపిన చెల్లె” అన్నాను. సుశీల ఆమె పక్కన కూర్చుంది. సందెవేళ మగ్రిబ్ అజాన్ దాకా కూర్చున్నాం. ఫోన్ మోగలేదు. వెళ్లేటప్పుడు ఖలీల్ సాబ్ నా కాగితం చివర నేను మరిచిన ఆ గడి గీసి, ఖాళీగా వదిలేశారు. ఇప్పటికీ ఇంట్లోకి ఏ కొత్త వస్తువు కొన్నా ముందు దానివల్ల ఎవరికి ఏమి ఆగుతుందన్న ఆ గడే నింపుతాను.

మర్నాడు పదింటికి ఫోన్ మోగింది. షమీమ్ పరుగున వచ్చింది. అవతల ఏమన్నాడో చాలాసేపు విని, “సంతకం పెట్టినవా? మంచిది. పైలంగ ఉండు” అన్నది. రిసీవర్‌ను చున్నీ కొంగుతో తుడిచి పెట్టి, “చాయ్ తాగినవా అన్నా?” అని నన్నే అడిగింది.