వంటింటికి లాగిన వైరు

జహీరాబాద్‌లో ఒక్క వీసీఆర్‌కు నాలుగు టీవీలు తగిలించి ఆడించిన మొదటి మొనగాణ్ణి నేనే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. సరే, నాలుగు కాదు, రెండు. మొదటివాణ్ణి అవునో కాదో కూడా తెలియదు. కానీ ఎందుకు తగిలించానన్న దాంట్లో మాత్రం ఒక్క ముక్క తగ్గించను.

ఎనభైల నడిమి మాట. మా చెల్లె పెళ్లయి కొన్ని నెలలయింది. నాన్న చాలా ముందే పోయాడు గనుక కన్యాదానం పెదనాయన, పెద్దమ్మ చేశారు. భర్త పోయిన మనిషి పందిట్లోకి రాకూడదని ముహూర్తం వేళ అమ్మను సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. కన్నకూతురి పెళ్లిని అమ్మ చెవులతోనే చూసింది. బాజా గట్టిగా మోగితే జీలకర్ర బెల్లం అయిందనుకుంది, నవ్వులు వినబడితే తలంబ్రాలు అనుకుంది. ఈ ఆచారం ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఎదురుపడితే అడుగుదామని ఇప్పటికీ చూస్తున్నాను.

హైదరాబాద్ కెమెరా అతను తీసిన పెళ్లి క్యాసెట్టు చేతికందాక, చెల్లెతో పాటు అల్లుడూ వియ్యంకులూ వచ్చిన రోజు పెదనాయన కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి తెప్పించి ముందరి గదిలో పెట్టించాడు. అమ్మకు కుర్చీ వేయబోతే నన్ను పక్కకు పిలిచాడు.

"పెండ్లినాడే ముందటికి రాలే. ఇయ్యాల వియ్యంకుల ముందట కూసుంటదారా మీ అమ్మ?"

"టీవీల పెండ్లికి గూడ అపశకునమేనా పెదనాయనా?"

"తర్వాత సూడుమను."

"మిషన్ పొద్దుగాల్నే వాపస్ ఇయ్యాలె గద?"

"అయితే వద్దను."

అప్పుడు ఇల్లు అదిరిపోయేలా గర్జించానని మనవళ్లకు చెబుతుంటాను. గర్జించలేదు. "సరే పెదనాయనా" అన్నాను. అని, ఫ్యాక్టరీలో కరెంటు పని చేసే చేతులు కదా, మా బ్లాక్ అండ్ వైట్ టీవీని తెచ్చి వంటింట్లో పిండి డబ్బా మీద పెట్టాను. యాంటెనా వైరు కోసి ముందరి గది నుంచి వంటింటి దాకా లాగాను. వీసీఆర్ నుంచి వచ్చే వైరుకు రెండు టీవీల వైర్లూ కలిపి మెలిపెట్టాను.

రెండింటిలోనూ బొమ్మ పాడయింది. తెర నిండా తెల్లటి చుక్కలు.

"ఏందిరా గిది? అందరి మొకాల మీద తలంబ్రాలు పోసినట్టున్నది!" అని పెదనాయన అరుపు.

"జర ఓపిక పట్టున్రి బావా, పెండ్లి ఇంకా షురూ కాలే" అని నవ్వాడు వియ్యంకుడు.

ఒక్క బొమ్మను ఇద్దరికి పంచితే బలం చాలలేదని అర్థమైంది. హైదరాబాద్ నుంచి దూరదర్శన్ బొమ్మ మా దాకా వచ్చేసరికి నీరసపడేది కాబట్టి యాంటెనా గొట్టానికి బూస్టర్ బిగించుకునేవాళ్లం. మిద్దె ఎక్కి దాన్ని ఊడదీసుకొచ్చి మధ్యలో తగిలించాను. రెండు టీవీల్లోనూ పందిరి తేటగా కనబడింది. అమ్మ పీట జరుపుకుని దగ్గరికొచ్చింది. చెల్లె పక్కన కూర్చుంది.

కానీ వీసీఆర్ ముందరి గదిలో, పెదనాయన చేతి కింద ఉంది. "పూజలేం సూస్తరు" అంటూ ఆయన క్యాసెట్టును ముందుకు ఉరికించాడు. జీలకర్ర బెల్లం చీమల పరుగులా పోయింది. ఆయన పెద్దమనుషులకు దండలు వేసే చోట మాత్రం నిమ్మళంగా ఆపాడు.

"అగో, అప్పుడే పాయె! బిడ్డ మొకం గూడ సూడనియ్యలే" అంది అమ్మ.

"అన్నా, నువ్వు వైరే తెచ్చినవు. బొత్తాం ఆయన తాననే ఉండె" అంది చెల్లె.

నాకు చురుక్కుమంది. నిజమే కదా. అయితే వైరుకు ముందరి గది, వంటిల్లు అన్న తేడా లేదు, బొమ్మను ఇటు నుంచి అటైనా మోస్తుంది. నేరుగా వెళ్లాను.

"పెదనాయనా, మిషన్ కాలుతున్నది. గాలి తగలకుంటె క్యాసెట్ ఖరాబైతది. లోపట పెడుత."

"పొయ్యి కాడ గాలారా?"

"కిటికీ ఉన్నది" అని వీసీఆర్‌ను చంకలో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చాను. బూస్టర్‌తో సహా అన్నీ ఇక్కడే తగిలించాను. ఇప్పుడు వైరు చివర ఉన్నది కలర్ టీవీ. అమ్మ ఏది చూస్తే ముందరి గది కూడా అదే చూడాలి.

క్యాసెట్టు మొదటికి తిప్పాను. జీలకర్ర బెల్లం నిదానంగా నడిచింది. తలంబ్రాల దగ్గర అమ్మ వెనక్కి తిప్పమంది. మళ్లీ తిప్పమంది.

"ముందటికి పోనియ్యరా!" అని పెదనాయన కేక.

"బొత్తాం బిగుసుకపోయింది పెదనాయనా!"

అమ్మ తెర మీదికి వంగింది. "గిదేందిరా, పసుపు బియ్యం బూడిద లెక్క ఉన్నయ్?"

"మన టీవీల రంగులు రావమ్మా."

"మరి ఏడొస్తయి?"

ఆమెకు తెలుసు. నేను ముందరి గది వైపు చూశాను. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది.

"అమ్మా, పెదనాయన ఉన్నడు" అని చెల్లె చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. కన్నది నేను" అని విడిపించుకుని వెళ్లింది.

అమ్మను చూడగానే పెదనాయన ముఖం సున్నం కొట్టినట్టయిందని అందరికీ చెబుతాను. నేను చూడలేదు. బొత్తాం మీద వేలు పెట్టుకుని వంటింట్లోనే ఉన్నాను. ముందరి గదిలో మాటలు ఆగిపోవడం విన్నాను. నేల మీద కుర్చీ జరిగిన చప్పుడు విన్నాను. తర్వాత, పెదనాయన ఎదుట ఎన్నడూ పైకి లేవని అమ్మ గొంతు గోడ దాటి వచ్చింది.

"కొంచెం ఎనుకకు తిప్పురా! బిడ్డ దోసిలి ఎత్తే కాడ ఆపు."

తిప్పాను.