పొద్దు గుంకని ఊరికి రెండు టికెట్లు

2023 మొదట్లో, రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో, మా ట్రావెల్ కంపెనీ నన్ను నెల్లూరు ఆఫీసు నుంచి సూళ్లూరుపేట బ్రాంచికి మార్చింది. హోదా సీనియర్ టూర్ ఎగ్జిక్యూటివ్. పేరు పెద్దదే గానీ బ్రాంచిలో ఉండేది మేనేజరూ నేనూ ఇద్దరమే. అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల ఎల్‌టీసీ ప్రయాణాలు, అంటే కుటుంబంతో సెలవు మీద వెళ్తే ఆఫీసు ఛార్జీలు భరించే యాత్రలు, మాకు రోజూ ఉండే పని. వాటి తర్వాత మక్కా యాత్రకు వెళ్లే ఉమ్రా గ్రూపులు, గల్ఫ్ టికెట్లు. యూరప్ వెళ్లేవాళ్లు ఎప్పుడో ఒకరు వచ్చేవారు. వాళ్ల ముందు కంపెనీ బ్రోచరు పెట్టి, ఒక ప్యాకేజీకి ఒప్పించి, కాగితాలు చెన్నై పంపిస్తే మా పని తీరిపోయేది.

ఆ పద్ధతి నాకు ముందునుంచీ గిట్టేది కాదు. ఏడు రోజుల్లో ఐదు దేశాలు చూపించే బస్సుల మీద నాకున్న చిరాకు కంపెనీలో అందరికీ తెలుసు. మా నాన్న నాయుడుపేట పక్కన వరి పండించిన మనిషి. ఏ మడికి ఎంత నీళ్లు కావాలో గట్టు మీద నిలబడి చూసిగానీ తూము తీసేవాడు కాదు. ఆ చూపు నాకూ కొంచెం వచ్చింది. నోటిదురుసు మాత్రం నా సొంతం.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జిలానీ బాషా గారు, ఆయన భార్య షమీమ్ గారు వచ్చారు. జిలానీ గారు బజారులో పేరున్న యూనిఫాం టైలరు. చుట్టుపక్కల బళ్ల పిల్లల బట్టలు, తడ వైపు ఫ్యాక్టరీల కార్మికుల దుస్తులు ఆయన షాపులోనే కుడతారు. ఇంటి వసారాలో ఒక్క మిషనుతో మొదలుపెట్టి వరసగా మిషన్లున్న హాలుదాకా వచ్చిన మనిషి. కొడుకు చేతికి అందివచ్చాడు కాబట్టి, ఒకసారి ఇద్దరూ ఎక్కడికైనా వెళ్లిరావాలనుకున్నారు.

మాట్లాడింది జిలానీ గారే. డెన్మార్కు, స్వీడన్, నార్వే, మూడు దేశాలూ ఒకే దెబ్బకు కావాలన్నారు. వాళ్ల వీధిలో చెప్పుల షాపాయన పారిస్ వెళ్లొచ్చి, ఏడాదిగా కనిపించిన ప్రతివాడికీ కథలు చెబుతున్నాడట. ఆయన్ని మూడు పేర్లతో ఒక్కసారిగా నోరు మూయించాలని జిలానీ గారి ఆశ. నేను స్కాండినేవియా ప్యాకేజీ బ్రోచరు ముందు పెట్టాను. షమీమ్ గారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని పేజీలన్నీ ఓపిగ్గా తిప్పి, మొదటిసారి నోరు తెరిచారు.

"అక్కా, ఇందులో పొద్దు గుంకని ఊరు ఏది?"

ఇందులో లేదని చెప్పాను. ఆ దేశాల్లో వేసవిలో పొద్దు చాలా ఆలస్యంగా గుంకుతుంది. అసలే గుంకకుండా ఉండాలంటే నార్వేలో బాగా ఉత్తరానికి, ఆర్కిటిక్ గీత దాటి పోవాలి. ప్యాకేజీ బస్సు అంతదూరం పోదు. కొండల మధ్యకు సముద్రం చొచ్చుకువచ్చే చోట్లు చూపించి, అక్కడినుంచే వెనక్కి తిప్పేస్తుంది.

ఆమె బ్రోచరు మూసి నా వైపు జరిపారు. "అయితే ఇది మాకొద్దక్కా. ఆ పొద్దు ఉండాల, పక్కన ఈయన ఉండాల. ఇంకేం చూపించకపోయినా పర్లేదు."

ఎందుకంత పట్టుదల అని అడిగాను. చూడాలనుంది, అంతే అన్నారు. చిన్నప్పుడు బళ్లో భూగోళం పాఠంలో చదివి ఉంటారని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. జిలానీ గారు మాత్రం ఇరుకున పడ్డారు. భార్య ఏనాడూ దేనికీ ఇలా పట్టుబట్టలేదని నాతో గొణిగారు.

మా వృత్తిలో ఎఫ్ఐటీ అని ఒక పద్ధతి ఉంది. గ్రూపుతో సంబంధం లేకుండా ఒక్క కుటుంబం కోసమే విమానాలు, హోటళ్లు, కార్లు విడివిడిగా కుదిర్చి ప్లాను తయారుచేయడం. రెడీమేడ్ కాకుండా కొలతలిచ్చి కుట్టించుకోవడం అని చెబితే జిలానీ గారికి చప్పున అర్థమైంది. అర్థం కానిది మా మేనేజరుకే. జూన్ గ్రూపులో రెండు సీట్లు ఖాళీగా ఉంటే ఈ తలనొప్పి ఎందుకు నెత్తికెత్తుకుంటారని ఆయన అడిగాడు. పెరిగే తలనొప్పి నాది, మీరు సంతకం పెట్టండి చాలు అన్నాను.

మొదటి చిక్కు నెల దగ్గరే వచ్చింది. అక్కడి వేసవికి జూన్ మంచి నెల. మనకు జూన్ అంటే బళ్లు తెరిచే నెల. "జూన్‌లో యూనిఫాం టైలరు ఊళ్లో లేకపోతే, జూలైలో వచ్చినా ఎవరూ మొహం చూడరు మేడం," అన్నారు జిలానీ గారు. అందులో అతిశయం లేదు. మా అక్క మనవడి యూనిఫాం ఆలస్యమైన ఏడాది మా ఇంట్లో టైలరుకు పెట్టిన శాపనార్థాలు నాకు గుర్తున్నాయి. లెక్కలు చూస్తే, ట్రోమ్సో అనే ఆ ఉత్తరపు ఊళ్లో జూలై మూడో వారందాకా పొద్దు గుంకదు. జూన్ చివర్లో బక్రీద్. పండగ చేసుకుని, బళ్ల హడావుడి తీర్చుకుని, జూలై రెండో వారంలో బయలుదేరేటట్టు ఖాయం చేశాను.

రెండో చిక్కు మబ్బు. ఆ ఊరు సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ ఆకాశాన్ని నమ్మడానికి లేదు. మా పనిలో వాతావరణానికి హామీ ఇవ్వకూడదన్నది మొదటి నియమం. హామీ ఇవ్వలేని చోట రాత్రులు పెంచాలి. నేను డెన్మార్కు, స్వీడన్ రెండూ కొట్టేసి ట్రోమ్సోలో నాలుగు రాత్రులు వేశాను. దానివల్ల వీసా కూడా తేలికైంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా, ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఇప్పుడు ఉన్నది ఒకటే దేశం.

ఇంకో సంగతి కూడా చూడాల్సి వచ్చింది. నడిరాత్రి పూట అక్కడ సూర్యుడు ఉత్తరాన, చాలా కిందుగా ఉంటాడు. ఊరి మధ్యలో కూర్చుంటే కొండలు అడ్డం. అందుకని ఉత్తరానికి తెరుచుకున్న ఒక ఒడ్డు వెతికి, నాలుగు రాత్రులకూ టాక్సీ చెప్పి ఉంచాను. మబ్బుంటే టాక్సీ రద్దు, తెరిపి ఇస్తే బయలుదేరడం.

రెండు దేశాలు పోయినందుకు జిలానీ గారు రెండు రోజులు మొహం ముడుచుకున్నారు. మూడు దేశాల్లో బస్సులో నిద్రపోయి వచ్చేవాడికి చెప్పుల షాపాయనే నయమని నేనంటే, ఆయనకు నవ్వొచ్చి ఒప్పుకున్నారు.

అంతా సర్దుకుందనుకున్నాక ఒక సాయంత్రం ఆయన ఒక్కరే వచ్చారు. నమాజు వేళలు చూపించే ఫోను యాప్‌లో ట్రోమ్సో పేరు కొట్టి చూసుకున్నారట. సూర్యాస్తమయం కాగానే చదవాల్సిన మగ్రిబ్ నమాజు ఎదురుగా వేళ లేదు, ఖాళీ గీత ఉంది.

"పొద్దు గుంకంది మగ్రిబ్ ఎట్టా చదివేది మేడం? నమాజుకు వేళే లేని ఊరికి నేను పోను. కాన్సిల్ చేసేయండి," అన్నారు. గొంతులో కోపం లేదు. నిర్ణయం అయిపోయిన మనిషి గొంతు అది.

తెలియని విషయంలో ప్రయాణికుడికి నచ్చజెప్పకూడదు. టికెట్లు ఇంకా కొనలేదని, వీసా వచ్చేదాకా పేర్ల మీద ఆపి ఉంచామని చెప్పాను. మసీదులో నమాజు చేయించే హజ్రత్ గారిని అడిగి రమ్మన్నాను. ఆయన వెళ్లాక షమీమ్ గారి మొహం గుర్తొచ్చి నాకు నిజంగా బాధేసింది. అడిగిందల్లా ఒకటే పొద్దు. అదే ఆమెకు అడ్డం వచ్చింది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. హజ్రత్ గారు చెప్పింది జిలానీ గారు నాకు వివరించారు. అటువంటి చోట్ల దగ్గర్లో పొద్దు గుంకే ఊరి వేళలు పాటించవచ్చు, లేదా మక్కా వేళలు పాటించవచ్చు, పెద్దలు రెండు దారులూ చెప్పి ఉన్నారు. ఉమ్రాకు వెళ్లివచ్చిన మనిషి కాబట్టి ఈయన మక్కా వేళలే ఎంచుకున్నారు. నేను వాటిని నార్వే గడియారానికి మార్చి హోటల్ వోచర్ల పైన మొదటి కాగితంగా పెట్టిస్తానన్నాను.

ఆయన ఫోను మాట్లాడ్డానికి బయటికి వెళ్లినప్పుడు షమీమ్ గారు గొంతు తగ్గించి చెప్పారు. "మీ ఆఫీసుకు రాకముందే మా పిల్లోడి చేత హజ్రత్ గారిని అడిగించినానక్కా."

మరి జిలానీ గారికి ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"నేను చెప్తే టూర్ కోసం చెప్పిందంటాడు. ఆయనే పోయి అడిగితే అది ఆయన మాట అవుతుంది గదా."

ఇన్నేళ్ల సర్వీసులో ఇంత ముందుచూపున్న ప్లానరును నేను చూడలేదు. మా కంపెనీలో ఉండి ఉంటే నాకు పై అధికారి అయ్యేవారు.

వీసాకు చెన్నై వెళ్లినప్పుడు వేలిముద్రల దగ్గర కాసేపు ఆగారట. ఏళ్ల తరబడి సూదులు గుచ్చుకుని గరుకెక్కిన ఆయన చూపుడువేలు యంత్రానికి ఒక పట్టాన అందలేదు. అక్కడి అమ్మాయి తడిగుడ్డతో తుడిపించి, మళ్లీ మళ్లీ పెట్టించి తీసుకుందట. వీసాలు వచ్చాయి. జూలైలో బయలుదేరారు.

ట్రోమ్సో చేరిన మొదటి రాత్రి మబ్బు. రెండో రాత్రి మబ్బుతో పాటు తుంపర. జిలానీ గారు ఫోను చేసి, తెల్లారిందో మాపయిందో తెలియకుండా ఉండాదనీ, చింతపండు లేని చేపలు తినలేక చస్తున్నాననీ చెప్పారు. మా మేనేజరు కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనన్నాడు. ఇంకా రెండు రాత్రులున్నాయన్నాను. మూడో రోజు ఆఫీసులో ఏ ఫైలు తెరిచినా పక్కన ఆ ఊరి వాతావరణం పేజీ తెరుచుకునే ఉంది. ఫోను రాలేదు. నాలుగో రోజూ రాలేదు. సెలవులో ఉన్న ప్రయాణికుణ్ణి మనంతట మనం ఫోను చేసి కదపకూడదు. ఆ నియమం పాటించడం అంత కష్టమైంది మరెప్పుడూ లేదు.

తిరిగి వచ్చిన వారంలో ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఈసారి మాట్లాడింది షమీమ్ గారు.

మూడో రాత్రి తెరిపి ఇచ్చిందట. మక్కా వేళ ప్రకారం రాత్రి నమాజు గదిలో చదువుకుని, టాక్సీలో ఆ ఒడ్డుకు వెళ్లి రాళ్ల మీద కూర్చున్నారు. పొద్దు నీళ్లకు కాస్త పైదాకా దిగి, అక్కడే ఆగి, పక్కకు జరుగుతూ పోయింది గానీ మునగలేదు. జిలానీ గారికి మొదట్లో చేతులు ఊరుకోలేదట. చొక్కా అంచున ఊడిన దారం కనిపిస్తే దాన్ని చుట్టి ముడేస్తూ కూర్చున్నారట.

అప్పుడు నేను మళ్లీ అడిగాను, ఆ పొద్దే ఎందుకు కావాల్సి వచ్చిందని. ఆమె భర్త వైపు చూసి, తర్వాత చెప్పారు.

"మా పెళ్లయిన కొత్తలో వసారాలో మిషను ఉండేదక్కా. కరెంటు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. పొద్దు గుంకేదాకా కుట్టేవాడు. చీకటి పడి సూది కనపడకపోతే రోజూ ఒకటే మాట. 'ఇంకొక్క గంట వెలుగుంటే అయిపోయేది' అని. లైట్లు వచ్చినాయి, ఇన్ని మిషన్లు వచ్చినాయి. ఆ మాట మాత్రం పోలా. అన్నం దగ్గర కూడా అదే మాట. అందుకని వెలుగు అయిపోని చోటికి ఒకసారి తీసకపోయి కూర్చోబెడదాం, అప్పుడేమంటాడో చూద్దాం అనుకున్నా."

ఏమన్నారు అని అడిగాను.

జిలానీ గారు కిటికీలోంచి బజారు చూస్తూ నవ్వుతున్నారు. ఆమే చెప్పారు. "శానాసేపు ఊరికే కూర్చున్నాడక్కా. పొద్దు ఎదురుగానే ఉండాది. లేచి బట్టలు దులుపుకుని, 'ఇంక చాల్లే, పద పడుకుందాం' అన్నాడు. వెలుగుండగా ఆయన నోట చాలు అనే మాట నేను ఇన్నేళ్లలో అప్పుడే విన్నా."

నాలుగో రాత్రి కూడా ఆకాశం తేటగానే ఉందట. టాక్సీ వచ్చి నిలబడితే జిలానీ గారు వద్దని పంపించి, గదిలో తెరలు వేసుకుని నిద్రపోయారట.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నా ఫైళ్లలో ఒక పద్ధతి పాటించాను. భార్యాభర్తలు వచ్చినప్పుడు తక్కువ మాట్లాడేవాళ్లు అడిగిన చోటు ముందు రాసుకునేదాన్ని. ఎందుకు అడుగుతున్నారో చెప్పకపోయినా దాన్ని ప్లానులోంచి తీసేయలేదు, అక్కడి రాత్రులు తగ్గించలేదు. కారణం ప్లానరుకు తెలియనక్కర్లేదు. రాత్రులు సరిపోతే చాలు.