ఏసీ వేస్తే వణికే బండి

మొన్న కర్నూలులో మా చెల్లెలి కొడుకు నన్ను బస్టాండులో దింపడానికి తన కొత్త కారులో తీసుకుపోతున్నాడు. సిగ్నల్ పడి బండి ఆపగానే ఇంజను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు తెలియకుండానే నా కుడికాలు కింద పరిచిన పట్టాను గట్టిగా నొక్కింది, చేయి ఏసీ మీట మీదికి పోయింది. "ఏం పెద్దమ్మా, భయపడినావా? పెట్రోలు మిగిలేదానికి అదే ఆగుతాది, అదే లేస్తాది" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నా కాలికి ఆ సంగతి తెలియదు. ఇంజను ఆగిపోవడం అంటే దానికి తెలిసింది ఒక్కటే, బేతంచెర్ల దారిలో రైలు గేటు దగ్గర మా అత్తతో కలిసి ఇరుక్కుపోయిన ఒక ఎండాకాలపు మధ్యాహ్నం.

మా అత్త అంటే మా నాన్నకు అక్క. నేను పుట్టిన నాటినుంచీ అత్తే, నా పెండ్లితో రెండోసారి అత్త అయింది. బనగానపల్లె దగ్గర ఆమెకో మామిడితోట ఉండేది. తోటా ఇల్లూ రెండూ ఆమె గొంతు కిందే నడిచేవి. మా మామ బతికున్న రోజుల్లో ఆమెను అడిగే తుమ్మేవాడని ఊళ్ళో చెప్పుకునేవారు. అలాంటి మనిషికి కిడ్నీలు పాడైపోయాయి. రోజు విడిచి రోజు కర్నూలు ఆసుపత్రికి పోయి యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. నీళ్ళు రోజంతా కలిపి ఒక చిన్న సీసాకు మించకూడదు. మామిడిపండు అసలు ముట్టకూడదు. నడిమి గదిలో గడ్డి పరిచి బేనిషా కాయలు మాగబెడితే ఆ వాసన ఇల్లంతా కమ్ముకునేది. ఆమె మాత్రం తన గది తలుపు దగ్గరికి వేసుకుని, గోడవైపు తిరిగి పడుకునేది.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి. బాడుగ కార్ల వాళ్ళు మొదట్లో ఉత్సాహంగా వచ్చి, రాను రాను ఫోను ఎత్తడం మానేశారు. అందుకని పాతదొక కారు కొన్నాం, నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఫిజిక్సుతో డిగ్రీ చేసి, ఆ పుస్తకాలు అటకెక్కించి వంటింట్లోకి పోయిన దాన్ని నేను. వాకిలికీ పెరటికీ మధ్యే నా లోకమంతా. ఊళ్ళో ఆడమనిషి కారు తోలడం వింత కాబట్టి మొదట్లో మేం పోతుంటే అరుగుల మీది ముసలాళ్ళు బీడీలు నోట్లోంచి తీసి మరీ చూసేవారు. మా అత్త అటూ ఇటూ చూడకుండా, ఏనుగు మీద ఊరేగుతున్నట్టు ముందు సీటులో కూచునేది. దారి పొడుగునా ఆమె నాతో చెప్పే మాట "నిదానంగా పో" అన్నది ఒక్కటే. ఇంట్లోనూ మా ఇద్దరి మాటలు ఉప్పూ పప్పూ దాటేవి కావు. మా ఊరి చుట్టూ నాపరాళ్ళ పాలిష్ మిషన్లు కాబట్టి, బండి మీద ఎప్పుడూ తెల్లటి రాతిపొడి ఒక పొర పడి ఉండేది. రోజూ తుడిచేదాన్ని, రోజూ పడేది.

ఆ బండికి ఎండాకాలం మొదలయ్యేటప్పటికి ఒక రోగం పట్టుకుంది. పరుగులో ఉన్నంతసేపు బాగానే ఉండేది. ఎక్కడన్నా ఆపి ఏసీ వేస్తే ఇంజను గడగడా వణికేది. స్టీరింగు నా చేతుల్లో అదిరేది, తాళాల గుత్తి గలగలమనేది, ఒక్కోసారి ఇంజను ఆగిపోయేది కూడా. షెడ్డుకు తీసుకుపోతే, డాక్టరు ముందు దగ్గు మానేసే పిల్లాడిలాగా బుద్ధిగా ఉండేది. మెకానిక్ మంచివాడే. ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, పొద్దున పూట చల్లగాలిలో స్టార్టు చేసి, "సూడక్కా, ఎంత నైసుగా ఉండాదో" అని చూపించి పంపేవాడు. మరుసటి మధ్యాహ్నానికి మళ్ళీ అదే వణుకు.

ఆ రోజు ఆసుపత్రి నుంచి బయటపడేటప్పటికే అత్త మొహం పీక్కుపోయి ఉంది. యంత్రం మీదినుంచి లేచిన రోజు ఆమెకు బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. సగం దారి వచ్చాక గేటు పడింది. గూడ్సు బండి వచ్చింది గానీ పోలేదు, సరిగ్గా గేటుకు అడ్డంగా నిలబడిపోయింది. మా ముందు నాపరాళ్ళ లారీ, వెనుక ఇంకో లారీ. ఎడమపక్క సందులోకి ఎవరో ట్రాక్టరు దూర్చాడు, అత్త వైపు తలుపు తెరవడానికి కూడా లేదు. ఆ వైపు అద్దం ఎప్పుడో పాడైంది, దిగదు. నా వైపు అద్దం దించితే లారీ పొగా వడగాలీ కలిసి మొహాన కొట్టాయి. ఏసీ వేశాను. బండి అదిరి అదిరి ఆగిపోయింది. తాళం తిప్పితే మొరాయించి, మూలిగి, ఎట్లాగో లేచింది. ఇంకోసారి ఆగితే లేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

అత్త చెమటతో తడిసిపోయింది. సీసాలో అడుగున మిగిలిన నీళ్ళతో పెదవులు తడుపుకుని మూత పెట్టేసింది. నేను ఇంకా తాగమన్నాను. "తాగితే మళ్ళా ఆయాసమొస్తాది. వద్దు" అని కళ్ళు మూసుకుంది. కదలడానికి లేదు, దిగడానికి లేదు, తాగడానికి కూడా లేదు. నాకు ఏడుపు తన్నుకొస్తోంది. ఏడిస్తే ఆమె ఇంకా బెదిరిపోతుందని, చేతులకు ఏదో ఒక పని చెప్పాను. పాటలు ఆపాను. ఫోను చార్జరు పీకాను. ఫ్యాను ఆపాను. వణుకు తగ్గి ఇంజను నిమ్మళించింది. లైట్లు వేసి చూశాను. ఇంజను వేగం చూపే మీటరు ముల్లు కొంచెం దిగింది, స్టీరింగు సన్నగా అదిరింది. లైట్లు తీసేసి ఫ్యాను వేశాను, ముల్లు అంతే దిగింది. ఏది వేసినా ఇంజను మీద బరువు పడుతోంది. ఆ బరువు పడినప్పుడు తానే కాస్త పుంజుకోవలసింది పుంజుకోవడం లేదు, అంతే. మరి నేను పుంజుకునేలా చేస్తే? న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, యాక్సిలరేటరును కాలివేలితో తాకినట్టు నొక్కి పట్టుకుని ఏసీ వేశాను. టక్కుమని చప్పుడైంది. ముల్లు తడబడింది, నిలబడింది. చల్లగాలి అత్త మొహానికి తగిలేటట్టు తిప్పాను.

చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది. "ఇంగ నేను రాను మే" అంది.

"యాడికి?"

"ఆ ఆసుపత్రికి. పోయేది, పండుకునేది, వచ్చేది. మళ్ళా పోయేది. ఇది బతుకంటావా? తోట సూసి ఎన్నాళ్ళాయ. నాకు సాలు. నీకు గూడా యిడుదల అయితాది."

కాలు తీస్తే బండి ఆగిపోతుంది, ఆమె చేయి పట్టుకోవాలన్నా కదలలేను. నోటికి వచ్చింది చెప్పేశాను. "నువ్వు రాకపోతే నేను యాడికి పోవల్ల అత్తా? పెండ్లయిన ఈ పదేండ్లలో ఆ ఇంట్లోనుంచి నన్ను బయటికి తెచ్చింది ఈ పోయేది వచ్చేదే. నీకు జైలేమో గానీ, నాకు తలుపు తీసింది ఇదే."

ఆమె తల తిప్పి నన్ను కొత్తగా చూసింది. "ఇన్నాళ్ళూ చెప్పకపోతివే" అంది.

"నువ్వు అడగకపోతివి."

"నిజమే. నేనెవురినీ ఏమీ అడిగిందాన్ని కాదు" అని సన్నగా నవ్వింది. ఆ మీదట ఎక్కడ మొదలుపెట్టిందో గుర్తులేదు గానీ, తన పెండ్లి కొత్తలో తోట ఎట్లా ఉండేదో, మా నాన్న చిన్నప్పుడు పచ్చికాయలు దొంగిలించి జొన్నచేలో దాక్కుంటే ఆమె చీర చాటున ఎట్లా ఇంటికి తెచ్చిందో చెప్పుకుంటూ పోయింది. నా కాలు తిమ్మిరెక్కి మొద్దుబారింది. మార్చడానికి లేదు. వింటూ కూచున్నాను. చాలాసేపటికి గూడ్సు కూత వేసి కదిలింది. ఇల్లు చేరి దిగబోతూ, "ఎల్లుండి పొద్దున్నే బయల్దేరుదాం, ఎండ పడకముందే" అంది. మానేస్తానన్న మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మరునాడు షెడ్డుకు పోయి, ఏం వేస్తే ముల్లు ఎంత దిగిందో, కాలు ఆనిస్తే ఎట్లా నిలబడిందో మెకానిక్‌కు వరసగా చెప్పాను. అతను విని, తల గోక్కుని, ఇంజనులోకి గాలి పోయే గొట్టం ఊడదీశాడు. లోపలి రేకు చుట్టూ మసీ రాతిపొడీ కలిసి నల్లటి ముద్దలా అంటుకుని ఉంది. "గాలి పోయే సందు పూడిపోయిందక్కా. బరువు పడితే అదింగ యాడ పుంజుకుంటాది?" అన్నాడు. అదంతా కడిగి బిగించాక, లైట్లూ ఫ్యానూ ఏసీ అన్నీ కలిపి వేసినా బండి చిన్నగా ఊగి నిలబడింది.

అత్త ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బతికింది. కర్నూలు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒంట్లో బాగుంటే బండిని తోట వైపు మళ్ళించేవాళ్ళం. దిగేది కాదు, అద్దంలోంచే చెట్లను పేరుపేరునా తిట్టి, మెచ్చుకుని, పోదాం పద అనేది. ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. కర్మలన్నీ అయ్యాక నేను బనగానపల్లెలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరాను, అదే బండిలో పోయి వచ్చేదాన్ని. ఇంట్లో ఎవరూ యాడికని అడగలేదు. ఆ గేటు దగ్గర, పొద్దు గడవడం లేదని ఎంత విలవిల్లాడానో నాకింకా గుర్తే. ఆమెతో గడిచిపోయిన ఏళ్ళన్నీ ఒకదానిలో ఒకటి కలిసి చెదిరిపోయాయి గానీ, గడవనని మొండికేసిన ఆ కాస్త పొద్దు మాత్రం ఎక్కడికీ పోకుండా నా దగ్గరే ఉండిపోయింది.