తోక మీద కూర్చున్న వెండి విమానం

తెరాదా కత్సుహిసా ఆరేళ్ళుగా ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా రెండు మోచేతుల పైనా రబ్బరు బ్యాండ్లు వేసుకుని తిరుగుతున్నాడు, చొక్కా చేతులు కిందికి జారకుండా. హమామత్సు వైమానిక స్థావరం గేటుకి రెండు వీధుల అవతల అతని కటింగ్ షాపు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు అది పనివాడి శుభ్రత అనుకునేవాళ్ళు. స్నానానికి వెళ్తూ బ్యాండ్లు విప్పినప్పుడు చర్మం మీద పడిన ఎర్రటి గీతలు చూసి భార్య సుమియే మాత్రం నిట్టూర్చేది. అవి ఎందుకొచ్చాయో ఆమెకి తెలుసు.

మా ఊళ్ళో ప్లాస్టిక్ విమానాలు కట్టే క్లబ్బు ఒకటుంది. ఏటా మే నెలలో షిజుఓకాలో జరిగే పెద్ద ప్రదర్శనకి మేమంతా వ్యాను మాట్లాడుకుని వెళ్తాం. దేశం నలుమూలల నించీ క్లబ్బులు వస్తాయి. ప్రతి క్లబ్బుకీ పొడుగాటి బల్ల ఒకటి ఇస్తారు. ఆరేళ్ళ కిందట ఆ బల్ల సర్దుతున్న పొద్దునే తెరాదా కొంప మునిగింది.

క్లబ్బులో అతనికి ప్రాణస్నేహితుడు హిబినో మసామిచి. ఇద్దరూ ఒకే బడి. చిన్నప్పుడు స్థావరం కంచెకి ముక్కులు ఆనించి, వెండిరంగు సేబర్ యుద్ధ జెట్లు ఎగురుతుంటే బడి గంట కూడా వినిపించుకోని రకం. పెద్దయ్యాక హిబినో పియానోల ఫ్యాక్టరీలో మెరుగు పెట్టే పనిలో చేరాడు. వెండిరంగు వేయడంలో అతనికి సాటి వచ్చేవాళ్ళు మాలో లేరు. ఆ సంవత్సరం, రెండేళ్ళు కష్టపడి కట్టిన సేబర్‌ని చిన్న చెక్కపీట మీద నిలబెట్టి బల్ల అంచున పెట్టాడు. జానెడు పొడుగు విమానం. ముక్కు దగ్గర గాలి పీల్చే రంధ్రంతో నోరు తెరిచిన చేపలా ఉంటుంది.

తెరాదా క్లబ్బు వాళ్ళ నీలం హప్పీ కోటు వేసుకున్నాడు, పండగలకి వేసుకునే పొట్టి అంగీ అది. దాని చేతులు వెడల్పు. బల్లగుడ్డ ముడత సరిచేద్దామని ముందుకి వంగాడు. పక్కన టక్కుమని చప్పుడు. చూసేసరికి సేబర్ సిమెంటు నేల మీద ఉంది. ముక్కు ఊడిపోయింది, రెక్క విరిగింది.

హిబినో అరిచినా బాగుండేది. తల వంచి, పరవాలేదు పరవాలేదు అన్నాడు. జేబురుమాలు తీసి ముక్కలన్నీ ఏరుకున్నాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తెరాదా మోకాళ్ళ మీద కూర్చుని ఊడిన ముక్కు చేతిలోకి తీసుకుంటే దాన్ని విసురుగా లాక్కున్నాడు. ఆ లాక్కోవడం తెరాదా గుండెలో ముల్లులా దిగిపోయింది. మా దగ్గర ఎవరైనా అలా తల వంచి పరవాలేదన్నారంటే తలుపు మూసేశారని అర్థం. అనుకున్నట్టే ముప్ఫై ఏళ్ళుగా నెలనెలా తెరాదా కుర్చీలో క్రాపు చేయించుకున్న హిబినో ఆ నెల రాలేదు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. తెరాదా తన పనిముట్లన్నీ రెండు అట్టపెట్టెల్లో పెట్టి అటకెక్కించాడు. క్లబ్బుకి వెళ్ళడం మానేశాడు. షాపు పైన శిక్షణ జెట్లు రోజంతా తిరుగుతాయి, తల ఎత్తి చూడటం కూడా మానేశాడు.

మనిషికి ఇంత పంతం పనికిరాదని నాలాంటివాళ్ళం చాటుగా అనుకునేవాళ్ళం. పంతం కాదది, సిగ్గు. పంతమైతే ఏ రెండేళ్ళకో అరిగిపోయేది.

ఈ మార్చిలో క్లబ్బు కార్యదర్శి మకితా క్రాపు చేయించుకుంటూ మాటల మధ్యలో ఒక మాట అన్నాడు. హిబినోకి చూపు మందగించింది, మే ప్రదర్శన అవగానే క్లబ్బు నించి తప్పుకుంటానని ఉత్తరం రాశాడు. అద్దంలో తెరాదా కత్తెర ఆగిపోవడం మకితా చూశాడు. చూసి కళ్ళు మూసుకున్నాడు, మంచివాడు.

ఆ రోజే తెరాదా నిర్ణయించుకున్నాడు. అదే సేబర్, అవే గుర్తులు, అదే వెండిరంగు. ప్రదర్శనకి ముందే కట్టి హిబినో చేతిలో పెట్టి, నేల మీద తల ఆనించి క్షమాపణ అడగాలి. హిబినో తప్పుకున్నాక అడిగితే దానికి విలువుండదు. ఎనిమిది వారాలు టైముంది. క్షవరశాలలకి సోమవారం సెలవు కాబట్టి ఎనిమిది సోమవారాలు, మిగతా రోజుల్లో షాపు తెరవకముందు గంట.

అటక మీంచి పెట్టెలు దించాడు. జిగురు సీసాలో రాయిలా గట్టిపడింది, రంగులు అంతకంటే గట్టిగా ఉన్నాయి. మంచి పట్టకారు ఎంత వెతికినా కనిపించలేదు. చివరికి వంటింట్లో దొరికింది. ఆరేళ్ళుగా సుమియే దానితో చేపముళ్ళు తీస్తోందట.

"పడేశారనుకున్నాను," అంది ఆమె. "కడిగిస్తాను, తీసుకోండి. బంగడా వాసన వస్తే నన్ననకండి."

కొత్త జిగురు మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకి తగిలి తెరాదాకి కళ్ళు చెమర్చాయి. తన వేళ్ళు తన మాట వింటాయో లేదోనని అతనికి లోపల భయంగా ఉంది. విన్నాయి. రోజూ మంగలికత్తి పట్టే వేళ్ళు కదా, కళ్ళజోడు మారిందంతే. పైలట్ కూర్చునే గదిలో మీటలకి ఒక్కొక్కదానికి చుక్క రంగు పెట్టాడు. శరీరం రెండు సగాలూ కలిపి అతికించి, అతుకుని ఉప్పుకాగితంతో నీళ్ళు పోసి అరగదీసి, గోరుతో రాస్తే తగలనంత నున్నగా చేశాడు. ఎవరికి ఇవ్వడానికి కడుతున్నాడో కాసేపు మరిచిపోయి ఈల వేశాడు. మరిచిపోయినందుకు తప్పు చేసినవాడిలా ఆగిపోయాడు. మళ్ళీ వేశాడు.

వెండిరంగు మీద ధూళి రవ్వ పడినా కనిపించి ఏడిపిస్తుంది. అందుకని స్నానాలగదిలో వేడినీళ్ళు వదిలి, ఆవిరికి దుమ్మంతా అణిగాక అక్కడే రంగు కొట్టాడు, నాలుగు పూతలు. ఆ నాలుగు రోజులూ సుమియే వీధి చివర స్నానశాలకి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళింది. ఈ ఇంట్లో తనకంటే ముందు విమానానికి స్నానం అయిందని అక్కడ అందరికీ చెప్పి వచ్చింది. గొణుగుతూనే ఉంది గానీ ఆమె ముఖం విప్పారింది. ఆయన ఈల విని ఆరేళ్ళయింది మరి.

ప్రదర్శన ఇంకా ఆరు రోజులుంది. చివరి సోమవారం పొద్దున చక్రాలు అతికించాడు. జిగురు ఆరేదాకా ఆగి, విమానాన్ని బల్ల మీద నిలబెట్టి చెయ్యి తీశాడు.

సేబర్ మెల్లగా, ఏ తొందరా లేకుండా, ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంది.

తెరాదా దాన్ని సరిగ్గా నిలబెట్టాడు. అది మళ్ళీ కూర్చుంది.

ముందు చక్రం ఉన్న జెట్టుకి శరీరం మూసే ముందే ముక్కులో సీసం పెట్టాలి. లేకపోతే బరువంతా వెనక్కి పోతుంది. ఇది ఎలా కట్టాలో చెప్పే కాగితంలో మొట్టమొదటి బొమ్మ. కొత్తగా చేరినవాళ్ళకి క్లబ్బులో మొదటి పాఠమూ అదే, ఏటా ఆ పాఠం బల్ల చరిచి మరీ చెప్పేది హిబినోయే. ఆరేళ్ళ తర్వాత పెద్ద పెద్ద విద్యలన్నీ గుర్తొచ్చి తెరాదాకి ఆ ఒక్కటీ గుర్తు రాలేదు. ఇప్పుడు పెట్టాలంటే ముక్కు కోయాలి. కోస్తే వెండిపూత పగులుతుంది. మళ్ళీ వేయడానికి టైము లేదు. చక్రాలకి జిగురు రాసి పీటకి అతికించేయొచ్చు గానీ అది మా క్లబ్బులో దొంగతనంతో సమానం. విమానం తన కాళ్ళ మీద తను నిలబడాలి.

అతను తల పట్టుకుని కూర్చున్నాడు. సుమియే వచ్చి విమానాన్నీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. వెళ్ళేది క్షమాపణకా పోటీకా అని అడిగింది. క్షమాపణకైతే అది కూర్చుంటేనేం, పడుకుంటేనేం అంది. కానుకగా టీపొడి పొట్లం గుడ్డలో కట్టి చేతిలో పెట్టి, అతన్ని దాదాపు గెంటింది.

హిబినో తలుపు తీశాడు. ఆరేళ్ళలో బాగా తగ్గిపోయాడు. తెరాదా కళ్ళు అలవాటుగా ముందు జుట్టు మీదికే పోయాయి. ఎవరో అడ్డదిడ్డంగా కత్తిరించారు, మెడ వెనక మెట్లు మెట్లుగా ఉంది. ఇద్దరూ ఒకరి పేరుకొకరు 'గారు' లాంటి 'సాన్' తగిలించి, ఎన్నడూ లేని మర్యాదతో లోపలికి నడిచారు. తెరాదా చాప మీద కూర్చుని పెట్టె మూత తీశాడు. వెండి సేబర్‌ని మధ్యనున్న పొట్టి బల్ల మీద పెట్టాడు. ముక్కు కాస్త వేలితో నొక్కి పట్టుకుందామనుకున్నాడు గానీ, నేల మీద తల ఆనించాలంటే రెండు చేతులూ కావాలి. వేలు తీశాడు.

సేబర్ తోక మీద కూర్చుంది.

నేలకి ఆనించిన తల తెరాదా ఎత్తేసరికి హిబినో ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మీకు ఎప్పుడు తెలిసింది, తెరాదా సాన్?" అన్నాడు. "ఇలా చూపించాలా? నోటితో అడిగితే చెప్పేవాణ్ణి కదా."

తెరాదాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. బరువు పెట్టడం మరిచిపోయానని, సిగ్గుచేటని, అయినా తెచ్చానని, ఆ రోజు తన కోటు చెయ్యి తగిలి రెండేళ్ళ కష్టం నేలపాలైనందుకు క్షమించమని అప్పజెప్పినట్టు చెప్పాడు. హిబినో లేచి లోపలికి వెళ్ళి జేబురుమాలు మూట తెచ్చి విప్పాడు. ఊడిన ముక్కుని తిప్పి తెరాదా అరచేతిలో పెట్టాడు.

అది ఊదితే ఎగిరిపోయేంత తేలికగా ఉంది. లోపల ఏమీ లేదు.

"నేనూ మరిచిపోయాను," అన్నాడు హిబినో. "హమానా సరస్సులో గాలం వేసేవాణ్ణి. ఇంటినిండా గాలానికి కట్టే సీసం గుండ్లు. ఏటా అందరికీ పాఠం చెప్పే నోరు. రంగంతా అయ్యాక తెలిసింది. చక్రాలకి జిగురు రాసి పీటకి అంటించేశాను. వ్యాను కుదుపులకి అది ఊడింది. బల్ల మీద దానంతటదే వెనక్కి ఒరిగి దొర్లిపోయింది. నీ చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. నేను చూశాను."

సాన్ ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు. మిగతాది హిబినో నేల చూస్తూ చెప్పాడు. ముక్కు డొల్లగా ఉందని ఎవరైనా చూస్తారన్న భయంతోనే ఆ రోజు లాక్కున్నాడు. వచ్చే వారం క్రాపుకి వెళ్ళి చెబుదామనుకున్నాడు, వెళ్ళలేకపోయాడు. తెరాదా క్లబ్బు మానేశాడని విన్నాక ఆ మాట మరీ పెద్దదై గొంతు దాటలేదు. తర్వాత రెండేళ్ళు మహమ్మారి మూలంగా ప్రదర్శనే లేదు. షాపు అద్దం ముందు కూర్చుని తెరాదా ముఖం చూడలేక ఇంట్లోనే అద్దం పెట్టుకుని తనే కత్తిరించుకుంటున్నాడు.

తెరాదాకి మొదట ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? ఆరేళ్ళ మే నెలలు, తల ఎత్తి చూడని ఆరేళ్ళ ఆకాశం.

"ఆరేళ్ళు, హిబినో," అన్నాడు.

"ఆరేళ్ళు," అన్నాడు హిబినో, నేల మీద తల ఆనించి.

వంగిన ఆ మెడ మీద మెట్లు మెట్లుగా ఉన్న జుట్టు తెరాదా ముక్కు కిందికే వచ్చింది. ఎంత ఘోరంగా ఉందంటే కోపంగా ఉందామన్నా కుదరలేదు. అతనికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది. తన చెయ్యి తగల్లేదు, తను పాడుచేయలేదు. ఒంట్లో ఎక్కడెక్కడో బిగుసుకున్నవన్నీ ఒకేసారి వదులయ్యాయి. సేబర్ మాత్రం పైకప్పు చూస్తూ అలాగే కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చినప్పుడు సుమియే బ్యాండ్లు లేని అతని మోచేతుల వైపు ఒకసారి చూసి, టీకి నీళ్ళు పెట్టింది. మర్నాడు షాపు తెరవగానే మొదటి కుర్చీలో హిబినో ఉన్నాడు. ఆ తలని దారికి తేవడానికి గంట పట్టింది.

ప్రదర్శనలో ఆ సేబర్‌ని మా బల్ల నడిమధ్యన తోక మీదే కూర్చోబెట్టారు. ముందు ఒక అట్ట. దాని మీద హిబినో స్వయంగా కుంచెతో రాశాడు: "ముక్కులో బరువు పెట్టడం మరిచినవారు – హిబినో, తెరాదా." మధ్యాహ్నానికి దాని కింద పెన్సిలుతో పదిహేడు పేర్లు చేరాయి. అందులో మకితా పేరు ఉంది. ఒసాకా క్లబ్బు అధ్యక్షుడిదీ ఉంది, నాదీ ఉంది. తప్పుకుంటానన్న ఉత్తరాన్ని హిబినో వెనక్కి తీసుకున్నాడు. వచ్చే ఏటికి కళ్ళు తెరాదావి, మెరుగు తనది అని ఒప్పందమట. బరువు ఎవరు పెడతారని మకితా అడిగితే ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు.

జనం తాకిడికి అట్ట కాస్త ఒరిగింది. సరిచేద్దామని తెరాదా బల్ల మీదుగా వంగి చెయ్యి చాచబోయి, టక్కున ఆగిపోయాడు. మోచేతికి బ్యాండు లేదు. హప్పీ కోటు చెయ్యి విమానాల పైన వదులుగా వేలాడుతోంది. పక్కన హిబినో ఈల్ చేప అన్నం తింటూ తల ఎత్తకుండానే అన్నాడు:

"కానివ్వు. అప్పుడూ తగల్లేదు."

తెరాదా చెయ్యి పూర్తిగా చాచి, అట్టని తిన్నగా నిలబెట్టాడు.