యజమాని తేలని చమురు ఓడ

ఆమె నోటికి భయపడి అందరూ మిరపక్క అనేవాళ్ళు. సముద్రపు రాళ్ళకు పట్టిన ఆలుచిప్పలు ఒలిచి అమ్ముకుని బతికేది. ఒడ్డుకు ఎదురుగా, కడుపు నిండా ముడిచమురుతో ఓ పాత ఓడ ఏళ్ళ తరబడి లంగరేసి ఉండేది. దాని కంపెనీ దివాలా తీసి చేతులు దులుపుకుంది. ఓడ వ్యవహారాలు చూసే ఏజెంటు కింద కాపలాకు మిగిలింది మిరపక్క మరిది ఒక్కడే.

"చుక్క కూడా కారడం లేదు వదినా, అంతా ఏజెంటుగారు చూసుకుంటున్నారు" అనేవాడు ఇంటికొచ్చినప్పుడల్లా.

ఒక ఉదయం ఆమె రాతి మీద చెయ్యి వేస్తే అరచెయ్యంతా నల్లటి జిగట. చిప్పలన్నీ నోళ్ళు తెరుచుకుని చచ్చిపడున్నాయి. బుట్ట అక్కడే పడేసి, ఎదురైన పడవెక్కి "ఓడ దగ్గరికి పోనీ" అంది. ఆ మొహం చూశాక పడవాయన ఎందుకని అడగలేదు.

ఓడ రెయిలింగు పట్టుకుంటే తుప్పు పెచ్చులు పెచ్చులుగా చేతిలోకి ఊడొచ్చింది. పంపుల గదిలో మోకాలి లోతు నీళ్ళు, పైన చమురు తెట్టు. మరిది బకెట్టుతో తోడుతున్నాడు.

"ఇదేనా చుక్క కారకపోవడం?"

"ఎవరికైనా చెబితే ఉద్యోగం పీకేస్తానన్నాడు వదినా ఏజెంటు. నేనే ఎలాగో తోడుతున్నా..."

"సముద్రాన్ని బకెట్టుతో తోడతావురా, బుద్ధి లేనోడా!" బకెట్టు లాక్కుని గోడకేసి కొట్టింది. అతను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మనిషిని ఈ ఇనప గోతిలో ఒంటరిగా వదిలేసిన వాళ్ళ మీదికి మళ్ళింది ఆమె కోపం.

చెయ్యి పట్టి లాక్కొచ్చి అతన్ని రేవు ఆఫీసులో నిలబెట్టింది. జరిగిందంతా చెప్పించింది.

ఆఫీసరు నిట్టూర్చాడు. "ఓడ మా కిందికి రాదమ్మా. ముందు యజమాని ఎవరో తేలాలి."

"మీ యజమాని తేలేలోపు చమురు తేలింది బాబూ! వచ్చి చూడు."

అతను కదల్లేదు. ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చేపలమ్మే ఆడవాళ్ళంతా వచ్చి పక్కన చేరారు. సాయంత్రానికి ఆఫీసరు పడవెక్కాడు. పంపుల గది చూసి తెల్లబోయాడు.

ఓడ చుట్టూ తేలే అడ్డుకట్ట వేశారు. తర్వాతెప్పుడో ఇంకో ఓడ వచ్చి మిగిలిన చమురు తోడుకుపోయింది. అప్పటికే రాళ్ళు నల్లబడ్డాయి, ఆ ఏడు ఒక్క చిప్పా పట్టలేదు. మిరపక్క హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

ఆ ఏజెంటే ఇంకో రేవులో ఇంకో ముసలి ఓడకు ఏజెంటయ్యాడని విన్న రోజు, ఆమె తిట్లకు జడిసి హోటలాయన రేడియో శబ్దం పెంచాడు. ఆమె గొంతు పెంచింది.